వెనక్కి తిరిగిన మీటరు

కరెంటు ఆఫీసులో మీటర్ల పరీక్ష విభాగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు తరచూ ఒక ఫిర్యాదు చేస్తారు. రోజూ ఎవరో ఒకరి డాబా ఎక్కడం, సోలార్ పలకలు చూడడం, ఆ ఇంటివాళ్లు లైనుకి ఎంత కరెంటు అమ్ముతున్నారో కొలిచే మీటరుకి సీలు వేయడం, ఫోనులో ఫొటో తీసి పంపడం. "ఇందులో ఇంజనీరింగ్ ఏముంది మేడమ్?" అంటారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే విసుగు.

వాళ్లను నేను కోప్పడను. నిజానికి కోపం వస్తుంది, కానీ కాఫీ ఇచ్చి దిగమింగుతాను. తర్వాత మల్కాపురంలో గంగరాజుగారి డాబా సంగతి చెబుతాను. ఇల్లు కరెంటు అమ్మడం అనే మాటే లేని రోజుల సంగతి అది. ఇన్నిసార్లు చెప్పాను, ఇప్పటికీ చెప్పేటప్పుడు నా ఒళ్లు జలదరిస్తుంది. ఎన్ని సబ్‌స్టేషన్లు చూశానో, ఉక్కు కర్మాగారం కోసం వేసిన ఎంత పెద్ద లైన్ల కింద నిలబడ్డానో, అవేవీ నన్ను ఆ ఒక్క డాబా అంతగా కుదిపెయ్యలేదు.

నా ప్రమోషన్లు, బదిలీలు ఇక్కడ రాయను. అవి నాకే గుర్తులేవు. నేను రాసేది ఒక చెయ్యి గురించి, ఒక తీగ గురించి. పిల్లలూ, మీరు రోజూ సీలు వేసి పెట్టే సంతకంలో ఆ రెండూ ఉన్నాయి, మీకు కనపడడంలేదంతే.

చలపతిగారి వేలు

తొంభైల మొదట్లో నేను విశాఖలో చేరేనాటికి లైన్ల మీద పనిచేసే ఆడ ఇంజనీరు అంటే వింత. ఆఫీసులో సగంమంది జాలిపడ్డారు, సగంమంది నవ్వుకున్నారు. నా మొదటి అధికారి చలపతిగారు ఆ రెండూ చెయ్యలేదు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పై వీధికి కూడా వినిపించేది. మొదటిరోజే స్తంభానికి ఆనించిన వెదురు నిచ్చెన చూపించి, "ఎక్కమ్మా, పైనుంచి మాట్లాడుకుందాం" అన్నారు.

ఆయన సెక్షన్లో ఒక ఆచారం ఉండేది. ఏ రూల్సు పుస్తకంలోనూ ఉండదది. లైను ఆపి పని చేసేటప్పుడు, 'తీగలో కరెంటు లేదు, చేసుకోండి' అని ఎవరు చెబుతారో వాళ్లే ముందు నిచ్చెన ఎక్కి ఆ తీగను ముట్టాలి. ముందు టెస్ట్ లాంపు పెట్టి వెలుగుతుందేమో చూడడం, తర్వాత చెయ్యి. అదీ అరచేత్తో కాదు, చేతి వెనకభాగంతో. ఒకవేళ కరెంటు ఉంటే కండరాలు ముడుచుకుంటాయి. అరచెయ్యి అయితే తీగను పట్టేసుకుంటుంది, ఇక వదలదు. వెనకభాగమైతే చెయ్యి విదిలించుకుని బతికిపోతుంది. చెప్పినవాడు ముట్టాకే లైన్‌మన్ ముడతాడు.

ఇదేం పద్ధతి సార్, అధికారులు లైనెక్కడం ఎక్కడైనా ఉందా అని అడిగాను.

"నా మాట నమ్మి ఇంకొకడు ప్రాణం పెడుతున్నాడు కదమ్మా. ఆ మాట మీద నాకే నమ్మకం లేకపోతే ఎలా?" అన్నారు.

పిల్లలూ, ఇప్పుడెవరూ ఇలా చెయ్యకండి. ఇప్పుడు మీకు మంచి పరికరాలున్నాయి, ఎర్తు కడ్డీలున్నాయి. చెయ్యి పెట్టమని నేను చెప్పడంలేదు. ఆ చెయ్యి ఎందుకు పెట్టేవారో తెలుసుకోమంటున్నాను.

ఒకసారి పద్మనాభం వైపు పొలాల్లో తీగ తెగిపడింది. లైను ఆపించి వెళ్లాం. జీపు కుదుపులకి టెస్ట్ లాంపు బల్బు పగిలిపోయింది. వెనక్కి వెళ్లి ఇంకోటి తెద్దామన్నాను. చలపతిగారు వినలేదు. నిచ్చెన ఎక్కి చేతి వెనకభాగం తీగకి ఇలా తగిలించారో లేదో, అలా ఎగిరి వరిమడిలో వెల్లకిలా పడ్డారు. నేను మడిలోకి పరిగెత్తాను. ఆయన లేచి కూర్చుని బురద తుడుచుకుని, నల్లబడిన వేలు చూసుకుని, "ఎవరింట్లోనో పెళ్లి జరుగుతోంది" అన్నారు.

నిజమే. ఊళ్లో పెళ్లివారు కరెంటు పోయిందని జనరేటరు అద్దెకి తెచ్చారు. టెంటువాడు దాని తీగను ఇంటి ప్లగ్గులో గుచ్చేశాడు. మెయిన్ స్విచ్ తియ్యాలని వాడికి తోచలేదు. ఆ కరెంటు ఇంట్లో దీపాలు వెలిగించి, మిగిలినది మీటరు దాటి, స్తంభం ఎక్కి, పొలాల్లోకి వచ్చేసింది. మేం ఆ బురద బట్టలతోనే పెళ్లింటికి వెళ్లాం. ఆయన కేకలు వెయ్యలేదు. జనరేటరు ఆపించి, పెళ్లికూతురి తండ్రి పక్కన కూర్చుని భోంచేసి, చెయ్యి కడుక్కునేటప్పుడు వేలు చూపించి సంగతి చెప్పారు. ఆ తండ్రి తిన్నది అరక్కుండానే ఏడ్చేశాడు.

తిరిగొస్తూ జీపులో ఆయన అన్నమాట నాకు బాగా గుర్తు. ఇంట్లో పుట్టిన కరెంటు ఇంట్లోనే ఉంటుందని అందరూ అనుకుంటారు, దానికి గుమ్మం అంటే ఏమిటో తెలియదు అన్నారు.

దొంగతనం కేసు

తర్వాత కొన్నేళ్లకు, రెండువేల సంవత్సరం దాటాక, నేను మీటర్ల పరీక్షకి మారాను. ఒక ఎండాకాలం మల్కాపురం నుంచి ఒక కబురొచ్చింది. అక్కడ ఒకింటి మీటరు రీడింగు పోయిన నెలకంటే తగ్గిందట. మాకు అది ఆలోచించాల్సిన విషయం కాదు. మీటరు వెనక్కి తిరిగిందంటే దొంగతనమే. దాన్ని తలకిందులు చేస్తారు, తీగలు మారుస్తారు, వాళ్ల తెలివికి అంతులేదు. ఆ వీధి లైన్‌మన్ సింహాద్రిని తీసుకుని వెళ్లాను. సింహాద్రిది భీమిలి వైపు పల్లె. సన్నటి మనిషి, స్తంభం ఎక్కితే కాకిలా వాలేవాడు. నేను వినకూడదనుకున్నవి నా ముఖంమీదే అనేవాడు, అందుకే నాకు ఇష్టం.

ఇల్లు చేరకముందే పక్కింటి అరుగు మీంచి ఒకావిడ మమ్మల్ని ఆపింది. పేరు పోలమ్మ. పెనిమిటి, పెద్దకొడుకు సముద్రం మీద వేటకెళ్తారు, ఈవిడ తెల్లారకుండానే చేపల గంప పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. అప్పుడే వచ్చి ఫ్యాను కింద కాళ్లు చాపుకుంది.

"ఆ గోదారాయన కోసం వచ్చేరా మేడంగోరూ? సూడండి ఆయన పని. మేడ మీద అద్దాలెట్టీసి వీధి కరెంటంతా లాగీసుకుంతన్నాడు. ఆయన మీటరు ఎనక్కి తిరుగుతంది. నాది పరిగెడతంది. ఆయనది ఎనక్కెల్తే, ఆ ఎల్లిందంతా నా నెత్తిమీద పడదేటి?"

"అలాగేం పడదమ్మా" అన్నాను.

"మీకేటి తెలుసు. దొంగోడు గోదారోడైనా దొంగోడే." వీధంతా వినబడేలాగే అంది. వినాలనే అంది.

గంగరాజుగారు ఆ మాటలు గుమ్మంలో నిలబడి విన్నారు. కోనసీమ నుంచి కుర్రతనంలో రేవు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. నీళ్లలో తేలుతూ ఓడలకి దారి చూపించే బోయలుంటాయి కదా, రిటైరయ్యేదాకా వాటి మీది దీపాలు చూసుకోవడం ఆయన పని. ఇన్నేళ్లు ఉత్తరాంధ్రలో ఉన్నా గోదావరి యాస పోలేదు.

"ఆయ్, రండమ్మా. దొంగతనం కేసు కదండీ, ముందు చల్లగా మజ్జిగ తాగి అప్పుడు రాసుకోండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ముఖం కమిలిపోయి ఉంది.

డాబా ఎక్కాం. పైన వరసగా సోలార్ పలకలు. బోయల మీద వాడి తీసేసినవి, తుక్కు కొట్లలో ఏరి తెచ్చుకున్నారు. కొన్నిటికి మూలలు విరిగి ఉన్నాయి. కొన్నిటి మీద సముద్రపు ఉప్పు మరకలు ఎంత తుడిచినా పోలేదు. పడవల నైలాను తాళ్లతో ఇనప చట్రానికి బిగించి, దక్షిణం వైపు కాస్త వాల్చి పెట్టారు. గాలికొచ్చే నుసి పడుతుందని రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తారట. మెట్లగదిలో ఒక చెక్కపెట్టె. పలకలు ఇచ్చే కరెంటును లైనులో కలిసేలా మార్చే యంత్రం అందులో ఉంది. పుస్తకాలు చదివి, ఎన్నోసార్లు కాల్చుకుని ఆయనే చేసుకున్నారు.

"కిందకొచ్చి మీటరు చూడండి" అన్నారు.

పాత మీటరు. అద్దం వెనక అల్యూమినియం చక్రం, దాని అంచున నల్ల గీత. ఆ గీత ఎడమనుంచి కుడికి వెళ్లాలి. అది కుడినుంచి ఎడమకి వెళ్తోంది. నెమ్మదిగా, తొందరలేకుండా. సీళ్లు చూశాను, తీగలు చూశాను. ఎవరూ ఏదీ ముట్టలేదు. ఇంతలో పైన మబ్బు పట్టింది. చక్రం వేగం తగ్గింది. ఆగింది. మామూలుగా ముందుకి తిరగడం మొదలుపెట్టింది. మబ్బు జరిగింది. మళ్లీ ఆగి, ఒక్క క్షణం తటపటాయించి, వెనక్కి తిరిగింది.

చిన్నప్పటినుంచీ సూర్యుణ్ని చూస్తూనే ఉన్నాను. ఆయన మా లైనుకి కరెంటు ఇవ్వడం మొదటిసారి చూశాను. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పక్కన సింహాద్రి ఉన్నాడని మానేశాను. తీరా చూస్తే వాడే చెప్పులు విప్పేసి నిలబడ్డాడు.

"నాకు డబ్బు ఆశ లేదండి," గంగరాజుగారు నెమ్మదిగా అన్నారు. "పింఛను సరిపోద్దండి. పైసా ఇచ్చినా చాలు. మేం కొన్నాం, ఆయన అమ్మాడు అని మీరొక్క మాట అంటే చాలండి. ఓడలు రాయి ఎక్కకుండా దీపాలెట్టినోణ్నండి నేను. నా గుమ్మం ముందు నిలబడి దొంగ అంటుంటే అన్నం ఎలా దిగుద్దండి?"

అదీ ఆయన కష్టం. ఒక ఇల్లు కరెంటు అమ్మడానికి మా దగ్గర రూలు లేదని చెప్పాను. అడిగి చూస్తానన్నాను. కానీ అంతకంటే ముందు ఇంకోటి తేలాలి. లైను ఆపినప్పుడు ఈ పెట్టె తనంతట తాను ఆగాలి. పద్మనాభం వరిమడి నా కళ్లముందే ఉంది.

"ఆగుద్దండి" అంటూ ఆయన ఇంటి మెయిన్ స్విచ్ తీశారు. పెట్టె వెంటనే మూగబోయింది. మళ్లీ వేసి, మళ్లీ తీశారు. ప్రతిసారీ ఆగింది.

"ఇంట్లోంచి కాదు గంగరాజుగారూ. స్తంభం మీంచి ఆపి చూద్దాం" అన్నాను.

పోలమ్మ ఫ్యాను

ఒక ఆదివారం మంచి ఎండలో పెట్టుకున్నాం. ఆ స్తంభం నుంచి తీగలు వెళ్లేది గంగరాజుగారింటికి, పోలమ్మ ఇంటికి, తాళం వేసున్న ఇంకో ఇంటికి మాత్రమే. సింహాద్రి స్తంభం ఎక్కి ఆ ఫ్యూజు తీస్తాడు, పెట్టె ఆగిందో లేదో చూస్తాం. చలపతిగారి ఆచారం గంగరాజుగారికి ముందే చెప్పాను. ఆగుతుందని అంటున్నది ఆయన, కాబట్టి నా లాంపు చూశాక తీగను మొదట ముట్టాల్సింది ఆయనే.

"అంతేగా, న్యాయమేనండి" అని లుంగీ ఎగ్గట్టారు.

సింహాద్రి ఫ్యూజు తీసి పైనుంచి చూపించాడు. నేను టెస్ట్ లాంపు తీగ చిక్కు విప్పుకుంటున్నాను. ఈలోగా గంగరాజుగారు నిచ్చెన ఎక్కేశారు. ఆయనకి తన పెట్టె మీద అంత ధీమా. ఇంట్లో అన్నిసార్లు ఆగింది కదా. "ఆగిపోయుంటదండి" అంటూ కుడిచెయ్యి తిప్పి, వెనకభాగం తీగవైపు చాపారు.

అప్పుడు పోలమ్మ అరుగు మీంచి అడిగింది.

"కరెంటు తీసీసినామన్నారు. మరి మా ఫేను ఆగలేదేటి?"

ఆవిడ గొంతులో ఏ కంగారూ లేదు. ఊరికే అడిగింది. "గంగరాజుగారూ, చెయ్యి దించండి" అన్నాను. ఆయన దించారు. కిందికి దిగారు. నేను ఎక్కి లాంపు తగిలించాను. వెలిగింది. మసగ్గా కాదు, నిండుగా.

సింహాద్రి చేతిలోని ఫ్యూజు చూసుకున్నాడు, లాంపు చూశాడు. "ఫూజు నా సేతిలో ఉంది గదా మేడం. మరిది ఏటి తాగి ఎలుగుతంది?" అన్నాడు. తర్వాత తల పైకెత్తి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, సూర్యుడివైపు చూశాడు.

ఆ నిమిషం నాకు వేసినంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. అంత అబ్బురమూ ఎప్పుడూ కలగలేదు. రెండూ కలిసే వచ్చాయి, ఏది ఏదో చెప్పలేను. అంత దూరాన్నుంచి వచ్చిన వెలుతురు, పారేసిన పలకల్లోంచి దిగి, ఒక చెక్కపెట్టెలో రూపు మార్చుకుని, మేం చంపేశామనుకున్న తీగలో ప్రాణంతో నిలబడి ఉంది. పోలమ్మ చెమట ఆరుస్తోంది. మనిషిని కూడా తీసుకుపోగలదు. దానికి రెండూ ఒకటే.

ఇంతలో పోలమ్మ కోడలు లోపల మిక్సీ వేసింది. ఫ్యాను ఒక్కసారి బరువెక్కినట్టు మెల్లగా తిరిగి ఆగిపోయింది. నా లాంపు ఆరిపోయింది.

అప్పుడు అర్థమైంది. ఇంటి మెయిన్ తీస్తే పెట్టెకి లోకంతో సంబంధమే ఉండదు, ఆగుతుంది. వీధి మొత్తం ఆపినా అంతమంది బరువు మొయ్యలేక ఆగుతుంది. కానీ ఈ ఒక్క ఫ్యూజు తీస్తే మిగిలేది పోలమ్మ ఫ్యాను, ఆవిడింటి చీకటి గదిలో రెండు చిన్న దీపాలు. మిట్టమధ్యాహ్నం పలకలు ఇచ్చేది సరిగ్గా అంతే. ఇచ్చేది, తినేది సమానమయ్యేసరికి లైను పోయిందని పెట్టెకి తెలియలేదు. లైను ఇంకా ఉందనే అనుకుంది. మా లైన్‌మన్లు స్తంభాలెక్కేది కూడా సరిగ్గా ఆ వేళకే.

తెలివైనవాళ్ల పొరపాట్లు ఇలాగే ఉంటాయి. తెలివితక్కువవాడు పరీక్షే చెయ్యడు. తెలివైనవాడు తనకి వీలైనచోట నిలబడి, ఒకే పరీక్ష పదేపదే చేసి, నెగ్గానని నిద్రపోతాడు. మీరు డాబా ఎక్కినప్పుడు ఇంటాయన 'చూడండి, ఆగింది' అంటే ఎక్కణ్నుంచి ఆపాడో అడగండి.

గంగరాజుగారు నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నారు. "నా చెయ్యి పోతే పోయిందండి. తెలీకుండా ఎప్పుడైనా సింహాద్రి ఎక్కుంటే?" అన్నారు. ఆయన లేచి వెళ్లి, నేను చెప్పకుండానే, పెట్టె తీగలు తన చేత్తోనే ఊడదీసేశారు.

నేను దొంగతనం కాదని రాశాను. లైనుకి కలపడానికి పనికిరాదనీ రాశాను. మొదటి మాట ఆఫీసులోనే ఉండిపోయింది. తీగలు ఊడదీయడం మాత్రం వీధంతా చూసింది. మేడంగారు వచ్చి దొంగ కరెంటు పట్టేసుకుందని మల్కాపురం చెప్పుకుంది.

తాడు గుంజి చూడడం

ఇక్కడితో ఆయన మానుకుంటారనుకున్నాను. ఆ ఎండాకాలం పోయి వానలు పడ్డాక ఒకరోజు మా ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు కూర్చుని, "ఓడకి కట్టిన తాడు ఎప్పుడైనా చూశారాండీ?" అన్నారు.

రేవులో రాత్రిపూట పొగమంచుంటే తాడు చివర ఓడ ఉందో లేదో కనపడదట. అప్పుడు మనిషి తాడును కాస్త గుంజి చూస్తాడు. ఓడ ఉంటే తాడు కదలదు, కొండను గుంజినట్టుంటుంది. తాడు తేలిగ్గా వచ్చేసిందంటే అవతల ఎవరూ లేరు.

"మన పెట్టె కూడా అలాగే లైనును గుంజి చూస్తూ ఉండాలండి. కరెంటు అటూ ఇటూ ఊగే లయను ఊరికే కాస్త పక్కకి నెట్టుద్దండి. లైనుందనుకోండి, అంత పెద్ద లైను దీని మాట వింటుందా? కదలదు. కదిలిందా, అవతల ఎవరూ లేనట్టే. వెంటనే ఆగిపోద్దండి."

ఇప్పుడు మీరు సీలు వేసే ప్రతి యంత్రంలోనూ ఇలాంటి ఉపాయం ఒకటి ఉంటుంది. పెద్ద పేరేదో ఉంది దానికి, మీ పుస్తకాల్లో చూసుకోండి. నేను దాన్ని మొదటిసారి విన్నది ఓడల తాడు కథగా. ఎక్కడెక్కడో ఎవరెవరో కనిపెట్టే ఉంటారు. అయినా ఆ మధ్యాహ్నం నా బల్ల ముందు అది కొత్తగా పుట్టింది. ఒళ్లంతా వెలిగినట్టయింది నాకు.

అది పనిచెయ్యడానికి చాన్నాళ్లు పట్టింది. ఒకసారి పెట్టె లైను ఉన్నా ఆగిపోయేది, ఇంకోసారి కాలిపోయేది. సెలవురోజుల్లో నేను వెళ్లేదాన్ని, సింహాద్రి వచ్చేవాడు. "మేడం జీతం లేకుండా సేసే పని ఇదొక్కటే" అని వెక్కిరించేవాడు. పోలమ్మ మాత్రం మమ్మల్ని చూసి మూతి తిప్పుకునేది. దొంగతో చేతులు కలిపామని ఆవిడ ఉద్దేశం. అయినా ఫ్యాను చూసి చెప్పమంటే చెప్పేది, ఎందుకంటే తన ఇంట్లో ఏం జరుగుతోందో తనకి తెలియాలి.

మళ్లీ ఎండలు ముదిరాక అసలు పరీక్ష పెట్టుకున్నాం. అదే మిట్టమధ్యాహ్నం, అదే ఫ్యాను, అవే రెండు దీపాలు. సింహాద్రి ఫ్యూజు లాగాడు.

"ఆగిపోనాది," అంది పోలమ్మ వెంటనే.

మళ్లీ పెట్టి, మళ్లీ లాగాడు. ఆగిపోయింది. కోడలితో మిక్సీ వేయించి చూశాం, తీయించి చూశాం, ఒక దీపం ఆర్పి చూశాం. ఎలా చేసినా ఆగిపోయింది. నా లాంపు వెలగలేదు. గంగరాజుగారు నిచ్చెన ఎక్కి చేతి వెనకభాగం తీగకి ఆనించారు. ఉంచారు. సంతకం పెట్టాల్సింది నేను కాబట్టి తర్వాత నేను ఎక్కి ఆనించాను. ఎండకి కాలిన అల్యూమినియం వేడి తప్ప ఇంకేమీ లేదు. సింహాద్రి మా ఇద్దరినీ చూసి, తీగను అరచేత్తో పూర్తిగా పట్టుకున్నాడు.

ఫ్యూజు పెట్టాక మీటరు దగ్గరికి వెళ్లాం. చక్రం వెనక్కి తిరుగుతోంది. ఈసారి నాకు దాన్ని చూస్తే భయం వెయ్యలేదు.

అమ్మకం

పెట్టెను అలాగే కలిపి ఉంచి, పై ఆఫీసుకి రాశాను. పరీక్ష నెగ్గింది, ఈ ఇంటి కరెంటు లైనుకి తీసుకోవచ్చు, తీసుకున్నదానికి ఏదో ఒక ధర కట్టవచ్చు అని. మా పై అధికారి పిలిపించారు. ఆయన చెడ్డమనిషి కాదు. కూర్చోబెట్టి ఓపిగ్గానే మాట్లాడారు.

"మీ గంగరాజుగారు జాగ్రత్తపరుడేనమ్మా. ఆయన్ని చూసి రేపు వీధికొకడు పెట్టుకుంటాడు. ఎవడి పెట్టె ఎలాంటిదో మనకేం తెలుసు? ఎవణ్ని నమ్మి లైన్‌మన్ చెయ్యి పెట్టాలి? రూలు లేదు. తీయించెయ్యండి."

ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. నేను కాదనను. జవాబే తప్పు. ఎవణ్ని నమ్మాలి అంటే, ఒక్కొక్క డాబా ఎక్కి, ఒక్కొక్క పెట్టెనూ పరీక్షించినవాణ్ని నమ్మాలి. అంటే మిమ్మల్ని. ఇందులో ఇంజనీరింగ్ ఏముంది అని మీరు విసుక్కునే ఉద్యోగం ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు. ఆరోజు అది ఆయనకి తోచలేదు. ఒక్కసారి రండి సార్, చక్రం చూడండి అని బతిమాలాను. రాలేదు. చూసుంటే మనసు మారేదేమో, నాకు ఇప్పటికీ ఆ బాధ ఉంది.

తీగలు తీయించడానికి నేనూ సింహాద్రీ వెళ్లాం. గంగరాజుగారికి గుమ్మంలోనే చెప్పాను. "ఆయ్" అన్నారు అంతే. గోడకి ఆనుకుని నిలబడ్డారు. తీగ పోయినందుకు కాదు ఆయన దిగులు. 'మేం కొన్నాం' అన్న ఆ ఒక్క మాట ఇక రాదు.

ఎదురింటి అరుగు మీద ఎవరో అన్నారు, "గోదారాయన దొంగ కరెంటు మల్లీ పట్టీసినారు."

సింహాద్రి స్తంభం మీదున్నాడు. పనాపి కిందికి చూసి, ఎవరివైపూ తిరక్కుండా గట్టిగా చెప్పాడు. "దొంగ కాదు. నాను పరీచ్చకి వచ్చినోణ్ని, నాకు తెలుసు. ఈయన మనకాడినుంచి తీసుకోలేదు, మనకిచ్చినాడు. మేడమీంచి వచ్చింది లైనులో పడి దగ్గరున్నోల్లకి ఎల్లింది. ముందు పక్కింటికెల్లింది."

పోలమ్మ గుమ్మంలోకి వచ్చింది. "పక్కింటికంటే ఎవులికిరా?"

"నీకేనత్తా. మద్దేనం ఎండున్నంతసేపూ నీ ఫేను ఆయనదే."

ఆవిడ నావైపు చూసింది. అవునన్నాను. ఆవిడ లోపలికెళ్లిపోయింది. కోపమొచ్చిందనుకున్నాం.

కాసేపటికి బయటికొచ్చింది. చేతిలో అల్యూమినియం పళ్లెం, దాంట్లో పెద్ద వంజరం చేప, ఇంకా మంచుముక్కలు అంటుకుని ఉంది. ఆరోజు వేట సరిగ్గా పడలేదని, ఉన్న ఒక్క మంచి చేపా అల్లుడొస్తున్నాడని దాచుకుందని తర్వాత కోడలు చెప్పింది. తిన్నగా గంగరాజుగారి గుమ్మం ముందుకొచ్చి పళ్లెం చాపింది. ఏ వీధికి వినబడేలా దొంగ అందో ఆ వీధంతా చూస్తుండగా నిలబడింది.

"తీసుకో బావూ."

ఆయనకి అర్థం కాలేదు. "ఎందుకమ్మా, ఊరికే" అన్నారు.

"ఊరికే ఎందుకిత్తాను? కరెంటు వాడినాను గదా. నీ సరుక్కి ఇది నా సరుకు. నానెవులి సొమ్మూ ఊరికే తిననోయ్."

గంగరాజుగారు గోడ వదిలి ముందుకొచ్చారు. రెండు చేతులతో పళ్లెం అందుకున్నారు. నిచ్చెన మీద తీగ ముట్టిన చేతులే. కళ్లు నిండిపోయాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"మేడమ్‌గారూ, అమ్మకం జరిగిపోయిందండి," అన్నారు నాతో. "మీరే సాక్షి."

"సాక్షినే" అన్నాను. నాకే సరిగ్గా వినబడలేదు. అందుకని వీధంతా వినేలా రెండోసారి అన్నాను.